సంతకం పెట్టినవాడి పేరు

బాయిలర్ పేలి మా వదిన చచ్చిపోయింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో మేం పదకొండుమంది ఆడవాళ్లం. ఆవిరి బయటికి వదిలే వాల్వు తుప్పుపట్టి బిగుసుకుపోయిందని సూపర్‌వైజర్‌కి మూడుసార్లు చెప్పాం. "ఇన్‌స్పెక్టర్ గారు చూసి బాగుందని సంతకం పెట్టారు. ఆయనకంటే మీకెక్కువ తెలుసా?" అన్నాడు.

వదినను సాగనంపిన మర్నాడే కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లాం.

"ఎవరి మీద ఫిర్యాదు?" అన్నాడు గుమాస్తా.

"సంతకం పెట్టినాయన మీద."

"పేరు?"

"ఇన్‌స్పెక్టర్."

"అది ఉద్యోగమమ్మా. పేరు చెప్పండి."

మాలో ఎవరికీ తెలియదు. "పోనీ, మంత్రి పేరైనా తెలుసా?" అని నవ్వి కాగితం వెనక్కి తోసేశాడు. అదీ తెలియదు. ఓటు మాత్రం ప్రతిసారీ వేశాం.

ఆ సాయంత్రం షెడ్డులో మాలో మాకే గొడవైంది.

"పేరు తెలిస్తే పోయిన మనిషి తిరిగొస్తుందా? వీడు కాకపోతే ఇంకొకడు," అంది ఇస్త్రీ చేసే పిన్ని.

వదినకు తోడబుట్టిన పెద్దక్క గయ్యిమంది. "ఆ ఇంకొకడి పేరూ నేర్చుకుందాం! మనం గంట ఆలస్యమైతే పేరు పెట్టి పిలిచి మరీ తిడతారే! మనకి మాత్రం వాళ్లంతా బాబుగార్లేనా?"

కాలేజీలో చదివే వదిన కూతురు ఆఫీసు వరండాల్లో బోర్డులన్నీ చూసి రాసుకొచ్చింది. ఇన్‌స్పెక్టరు, అతని పైవాడు, ఆ పైవాడు, మంత్రి. బాయిలర్ లేక చేత్తో ఉతికిన దుప్పట్లు మడతపెడుతూ బట్టీపట్టాం. అక్షరం ముక్క రాని పెద్దక్కకే అందరికంటే ముందు వచ్చేశాయి.

పేలుడు మీద విచారణ జరిగిన రోజున అధికారులు తీర్పు చదివేశారు. చనిపోయినామె కునుకు తీసిందట, తప్పంతా ఆమెదేనట. పెద్దక్క లేచి, ఇన్‌స్పెక్టర్‌ని ఇంటిపేరుతో సహా పిలిచింది. అతను ఉలిక్కిపడి తలెత్తాడు.

"మా షెడ్డు గోడ మీది నీ సర్టిఫికెట్‌లో తేదీ మా పిల్ల చదివి చెప్పింది. పైపులు పగిలి మమ్మల్నందర్నీ ఇళ్లకు పంపేసిన రోజది. లాండ్రీకి తాళం వేసుంది. లోపలికి ఎట్లా వచ్చావ్?"

పదిమందిమీ ఒక్క గొంతుతో ఆ పేరే అరిచాం. తర్వాత పైవాడి పేరు. తర్వాత మంత్రి పేరు.

పోలీసులు పెద్దక్కను జుట్టుపట్టి ఈడ్చి వ్యానులో పడేశారు. అడ్డుపడ్డ పిన్ని చెయ్యి విరిచారు.

మర్నాడు మాలో ఎవరమూ ఉతకలేదు. ఆసుపత్రి గేటు ముందు బైఠాయించాం. పది గంటలకి వంటశాల వాళ్లు వచ్చారు. స్ట్రెచర్లు తోసేవాళ్లూ వచ్చారు. వాళ్లలో ఒక ముసలాయన వదిన కూతురి పక్కన చతికిలబడ్డాడు.

"మా లిఫ్టు రెండుసార్లు జారింది తల్లీ. అది బాగుందని రాసిచ్చేవాడెవడు?"

"తెలీదు తాతా." ఆ పిల్ల లేచి నిలబడింది. "పదండి, వెళ్లి అడుగుదాం."

రెండొందలమందిమి లేచాం.