కుంటి మనుబోతు జాడ

రేణుకమ్మ గోడ మీది పన్నెండు బోరు డబుల్ బారెల్ తుపాకీ దించి, పాత చీరముక్కతో తుడుస్తూ అరుగు మీద కూర్చుంది. అది ఆమె భర్త తుపాకీ. ఆయన పోయినా దానికి నూనె పెట్టడం ఆమె మానలేదు. కోడలు జయశ్రీ మాత్రం ఇనుప బీరువా తెరిచి రైఫిల్ బయటికి తీసింది.

"గదెందుకే? ఇది లేదా?" అంది రేణుకమ్మ.

"అది అడివి పందికి చాలు అత్తమ్మా. మనుబోతు ఎద్దంత ఉంటది. దాని సీసం రవ్వలు తగిలితే చావదు, ఇంకింత గాయమైతది."

"మీ మామ దీంతోటే చిరుతపులిని బెదిరిచ్చిండు."

"బెదిరిచ్చిండు గద. కొట్టలేదు గద."

రేణుకమ్మ మూతి తిప్పుకుంది. "సరే, తీస్కపో నీ రైఫిలు. దాని గుండు మైలు దూరం పోతది. చేన్ల నిండ కూలోళ్లుండ్రు. గది గూడ యాది పెట్టుకో."

జయశ్రీ తూటాల పెట్టె తెరిచింది. తూటాలు ఒక్కొక్కటే వేలితో తడిమి చూసి, కొన మెత్తగా ఉన్నవి వేరు చేసింది. కొన మెత్తదైతే గుండు లోపలికి వెళ్లి విచ్చుకుంటుంది, ఒక్క దెబ్బకు ప్రాణం పోతుంది. గట్టిదైతే ఇటు నుంచి అటు దూసుకుపోతుంది. నిన్న రాళ్ల క్వారీలో అట్టముక్కను కొట్టి చూసినప్పుడు గురి కొంచెం ఎడమకు పోయింది. అది సరిచేసేదాకా ఆమె ఇంటికి రాలేదు.

వనపర్తిలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో నేర్చిన విద్య అది. మామ పోయాక రెండు తుపాకుల లైసెన్సూ ఆమె పేరుకే మారింది. భర్త బడిపంతులు. టపాకాయ మోతకే చెవులు మూసుకునే మనిషి. పంటల మీద పడే పందులను కొట్టడానికి అటవీ శాఖ వాళ్లు ఆమెను పిలుస్తుంటారు. మనుబోతును, అంటే నీల్‌గాయిని, కొట్టాల్సి రావడం మాత్రం ఇదే మొదలు.

అయిజ పక్కన వాళ్ల ఊరి చేలల్లో వారం నుంచి ఆ కుంటి మనుబోతు తిరుగుతోంది. ముందరి ఎడమ కాలికి ఎవరిదో ఉచ్చు బిగిసి, గిట్ట పైదాకా కుళ్లిపోయింది. మత్తు సూది వేసి పట్టుకోవాలని పశువుల డాక్టరు వచ్చాడు. అది దగ్గరికి రానివ్వలేదు. దుర్బిణీతో కాలు చూసి, ఇక బతకదని, బాధ తప్పించడమే మేలని రాసిచ్చాడు. అనుమతి కూడా వచ్చింది.

ఈలోగా అది మహిపాల్ సీడు పత్తిలో పడి మొక్కలు తొక్కింది. మహిపాల్ జయశ్రీకి వరసకు మరిది. అతను చేను చుట్టూ మేకులు పాతి బైండింగ్ వైరు కట్టేశాడు.

"పొద్దుగూకేదాకా ఆగుత వదినె," అన్నాడు. "ఆనంక కరెంటిస్త. నా పెట్టుబడి నాకు ముఖ్యం."

ఆ చేను గట్టు మీదనే ఏసమ్మ గుంపు తెల్లారకముందే నడిచి వస్తుంది. సీడు విత్తనాల కోసం పత్తిపూలకు చేత్తో క్రాసింగ్ చేసే ఆడవాళ్లు వాళ్లు. చీకట్లో వైరు కనపడదు. చెప్పినా, ఒకరికి తెలిస్తే ఒకరికి తెలియదు. ఈ సాయంత్రంలోగా ఆ పని ముగించాలని జయశ్రీ నిశ్చయించుకుంది.

అటవీ శాఖ బీటు ఆఫీసరు శ్రవణ్ కుమార్ వచ్చేసరికి అత్తాకోడళ్లు చేను మూల దగ్గర జాడ చూస్తున్నారు. ఎర్రమట్టి మీద మూడు గిట్టలు లోతుగా దిగాయి. నాలుగోది దిగలేదు, కొడవలి ఆకారంలో గీత గీసుకుంటూ పోయింది. రేణుకమ్మ ఆ గీత పక్కన కూర్చొని మట్టి అంచును వేలితో తాకింది.

"పొద్దుగాలటిదే. అంచు ఇంక రాలలే. ఉరకకు జయా. తరిమితే మూడు కాళ్ల మీదనే కర్ణాటక దాకా పోతది. ఇడిసిపెడితే ఏడనో ఒకాడ పండుకుంటది."

జయశ్రీ వినలేదు. పొద్దు ఎక్కుతున్న కొద్దీ ఆమె అడుగు వేగం పెరిగింది. గుట్ట కింద నుంచి, రాళ్ల కుప్పల మధ్య నుంచి, తంగేడు పొదల్లోకి గీత వెంటే నడిచింది. ఉన్నట్టుండి పొదల్లోంచి నీలిబూడిద రంగు వీపు లేచింది. మనుబోతు కుంటుతూ ఉరికి గట్టెక్కి, అడ్డంగా తిరిగి నిలబడింది.

జయశ్రీ రైఫిల్ భుజానికెత్తింది. సేఫ్టీ తీసింది. ముందుకాలి వెనక, గుండె ఉండే చోటు, స్పష్టంగా కనిపించింది.

"కొట్టుండ్రి మేడమ్!" అన్నాడు శ్రవణ్ కుమార్.

ఆ జంతువు వీపు మీదుగా, దూరంగా పత్తిచేలో, ఎర్రటి తలగుడ్డ ఒకటి కదిలింది. దాని పక్కన ఇంకొకటి. పాట కూడా వినబడింది.

ఆమె రైఫిల్ దించి సేఫ్టీ వేసింది. మనుబోతు గట్టు దిగి మాయమైంది.

"ఏమైంది మేడమ్?"

"ఎనక ఏసమ్మ ఉంది."

రేణుకమ్మ ఆయాసపడుతూ వచ్చి చేరింది. కోడలి మొహం చూసి, నోటిదాకా వచ్చిన ఎత్తిపొడుపును సగమే వదిలింది. "డబుల్ బారెల్ అయితే గింత బుగులు లేకుంటుండె."

"బుగులు లేకుంటుండె. మనుబోతు చావకుంటుండె. రేపు చేన్ల ఈడ్చుకుంట తిరుగుతుండె," అంది జయశ్రీ. తర్వాత గొంతు తగ్గించింది. "ఉరకకు అన్నవు. నేనే ఇనలే."

"మల్ల ఇంటవా?"

"ఇంట. చెప్పు."

"గుట్ట కింద పెంటికల కుప్ప చూసినవా?"

చూసింది కానీ పట్టించుకోలేదు. ముగ్గురూ వెనక్కి నడిచారు. మనుబోతు ఎక్కడ మేసినా పెంటికలు వేయడానికి ఒకే చోటికి తిరిగి వస్తుందని రేణుకమ్మ చెప్పింది. కుప్పలో ఎండి తెల్లబడినవీ, తడి మెరుస్తున్నవీ కలిసి ఉన్నాయి. కుప్ప దగ్గరికి కొడవలి గీతలు ఒకటి కాదు, అన్ని వైపుల నుంచీ వచ్చాయి.

జయశ్రీ తల పైకెత్తి గుట్టను చూసింది. కుప్పకు సరిగ్గా ఎగువన పెద్ద బండ ఉంది. అక్కడి నుంచి కొడితే గుండు కిందికే పోతుంది. జంతువును దాటినా నేలలోనే దిగుతుంది. చేను దాకా వెళ్లదు.

"అత్తమ్మా, బండెక్కుతవా?"

"ఎక్కక? నిన్నొక్కదాన్నే చూడనిస్తనా?"

మోకాళ్ల నొప్పితో రేణుకమ్మ కూర్చునే ఒక్కో రాయి మీదుగా జరుగుతూ పైకి చేరింది. గాలి కుప్ప వైపు నుంచి వాళ్ల మీదికి వీస్తోంది. శ్రవణ్ కుమార్ ఫోను మూగబోయేలా చేసి జేబులో పెట్టుకున్నాడు. బండ కాలుతోంది. జయశ్రీ దుపట్టా మడిచి మోచేతుల కింద వేసుకొని పడుకుంది. మోత ఆపేసిన ఆమె ఫోనుకు మహిపాల్ కాల్స్ వస్తూనే ఉన్నాయి. ఆమె తీయలేదు.

ఎండ పచ్చబడుతుండగా తంగేడు పొదలు కదిలాయి. నల్లటి మెడతో ఒక పెద్ద మనుబోతు కుప్ప దగ్గరికి వచ్చింది.

"అదే," అన్నాడు శ్రవణ్ కుమార్ ఊపిరి బిగబట్టి.

జయశ్రీ తల అడ్డంగా ఊపింది. అది నాలుగు కాళ్ల మీద నడుస్తోంది. తన పని చూసుకొని నింపాదిగా వెళ్లిపోయింది.

పొద్దు గుట్ట మీద వాలింది. ఇంకాసేపైతే చూపు ఆనదు. అప్పుడు కుంటిది వచ్చింది. నాలుగడుగులు వేసి ఆగుతోంది, మళ్లీ వేస్తోంది. కాలు నేల మీద రాసుకున్నప్పుడల్లా దాని చెవులు వెనక్కి పడుతున్నాయి. బండకు ఎదురుగా రొమ్ము చూపిస్తూ నిలబడింది.

"కొట్టు," అని గుసగుసలాడింది రేణుకమ్మ.

ఎదురు రొమ్ములో ఎముక అడ్డం వస్తుంది. జయశ్రీ కొట్టలేదు. చెమట కంట్లోకి దిగినా కదలలేదు. మనుబోతు కుప్పను వాసన చూసి, మెల్లగా పక్కకు తిరిగింది. ముందుకాలి వెనక, గుండె మీద, ఆమె చూపు ఆగింది. ఊపిరి సగం వదిలి ట్రిగ్గర్ నొక్కింది.

మోత గుట్టను చుట్టి వచ్చేలోపే మనుబోతు కొద్ది దూరం ఉరికి, మోకాళ్ల మీద కూలి, పక్కకు ఒరిగింది. ఆమె బోల్టు లాగి ఇంకో తూటా ఎక్కించి చూస్తూనే ఉంది. దానితో పని పడలేదు.

కిందికి దిగాక రేణుకమ్మ కుళ్లిన కాలి దగ్గర కూర్చొని, మాంసంలోకి దిగిన ఉచ్చు వైరు విప్పింది. మోటారుసైకిలు క్లచ్ వైరు. ఊళ్లోంచి వచ్చినవాళ్లలో ఒకరు కూరకు భాగం అడిగారు. "గొయ్యి తవ్వుండ్రి, పూడ్చుడే," అన్నాడు శ్రవణ్ కుమార్. రేణుకమ్మ వైరును కొంగుకు తుడిచి కోడలి చేతికిచ్చింది.

మహిపాల్ తన చేలో మోటారు స్టార్టరు డబ్బా దగ్గరే నిలబడి ఉన్నాడు. వైరుకు కరెంటు ఇంకా ఇవ్వలేదు.

"కొట్టినమని ఇన్న వదినె. కానీ గా పెద్దది తిరుగుతనే ఉంది గద. రేపది పడితే?"

"పడితే డప్పు కొట్టి తరుముదం. నాకు ఫోన్ చెయ్, నేను గూడ వస్త. ముందు గీ వైరు చుట్టు."

"రేపు పొద్దుగాల చుడత."

"పొద్దుగాల ఏసమ్మ వస్తది. ఇప్పుడే చుట్టు. నేనీడ్నే నిలబడత."

మనుబోతు కాలు తిన్న క్లచ్ వైరును ఆమె డబ్బా మీద పెట్టింది. మహిపాల్ దాన్ని చూశాడు, ఏసమ్మ గుంపు నడిచే గట్టును చూశాడు. వంగి బైండింగ్ వైరు మొదలు పట్టుకున్నాడు.

"చిక్కుల్లేకుండ చుట్టు నాయినా," అంటూ రేణుకమ్మ మేకులు పీకడం మొదలుపెట్టింది.

ఫోను వెలుతురులో జయశ్రీ గట్టు పొడవునా నడిచింది. చివర, గడ్డి మాటున, వైరు ముక్క చుట్టుకున్న మేకు ఒకటి మిగిలింది. మహిపాల్‌ను వెనక్కి పిలిచి దాన్నీ పీకించింది.