బుగ్గయ్య దండకడియం

దసరా ముందు మొగుడి జబ్బకున్న వెండి దండకడియం తీసి చింతపండుతో తోమడం మైసమ్మకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. పోయినేడు సబ్బు రాస్తే జారి వచ్చింది. ఈసారి జబ్బ మీది గడ్డ అడ్డం పడి అంగుళం కూడా కదల్లేదు.

"గీ గడ్డ పెరిగిందయ్యా," అంది మైసమ్మ.

"కొవ్వు గడ్డనే. నొప్పి లేదు, ఏం లేదు. నీ చేపల పులుసు తిన్నోనికి కొవ్వు గాక ఏమొస్తదే?" అని నవ్వాడు బుగ్గయ్య.

ఆ నవ్వుకే కదా ఇన్నేళ్లూ పడిపోయింది! ఈసారి పడలేదు. వల భుజాన వేసుకుని చెరువుకు బయల్దేరినవాణ్ణి రెక్క పట్టుకుని దవాఖానకు లాక్కుపోయింది.

డాక్టర్ అరుణజ్యోతి నొక్కి చూసింది. గడ్డ గట్టిగా, లోతుగా ఉంది.

"కోసి పారెయ్యమ్మా, గంట పని," అన్నాడు బుగ్గయ్య.

"ఏందో తెలవకుండ కోస్తే ఆగమైతం, పెద్దాయనా. నొప్పి లేని గడ్డలన్నీ మంచివి కావు. ఎక్కడో ఒకరికి కండల పుట్టే క్యాన్సర్ కూడా ఇట్లనే ఏం ఎరగనట్టు ఉంటది. ఇది పెరుగుతుంది కాబట్టి ముందు స్కానింగ్ చేయాలె, సూదితో ముక్క తీసి చూడాలె. స్కానింగ్‌కు కడియం ఉండొద్దు, కోయించుకొని రండ్రి."

బుగ్గయ్య ముఖం మాడిపోయింది. పెళ్లిలో మైసమ్మ తండ్రి తొడిగిన కడియం అది. "నేను సచ్చినంక తియ్యిండ్రి," అన్నాడు మొండి మనిషి.

మైసమ్మకు ఒళ్లు మండింది. "మా బాపు నన్ను ఇచ్చింది నీకు, గీ ఎండికి కాదు! నువ్వు లేకుంటే దీన్నేం చేసుకోవాలె, పులుసు పెట్టుకోవాలెనా?" ఏడుస్తూనే నగలు చేసే అవుసుల సంజీవ దుకాణానికి నడిపించింది. సంజీవ కడియం కోస్తున్నంతసేపూ మొగుడి రెండో చెయ్యి వదల్లేదు.

పరీక్షలో డాక్టర్ అనుమానమే నిజమైంది. అదృష్టం, ఇంకెక్కడికీ పాకలేదు. పట్నంలోని పెద్ద దవాఖానలో చుట్టూ ఉన్న కొంత కండతో సహా గడ్డను తీసేశారు. చెయ్యి దక్కింది, మనిషీ దక్కాడు.

"మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలె," అంది అరుణజ్యోతి. కడియం మళ్లీ తొడగడానికి మైసమ్మ అన్నాళ్లు ఆగుతుందా? గాయం మానగానే దాన్ని అతికించి తెచ్చి మొగుడికి తొడిగింది. చిక్కిన జబ్బ మీద నిలవక అది మోచేతి దాకా జారింది.

"వదులైందే. జర చిన్నగ చేయిద్దామా?" అన్నాడు బుగ్గయ్య.

"ముట్టినవంటే చూడు! బతికినన్నాళ్లు గట్ల జారుతనే ఉండాలె," అంటూ మైసమ్మ దాన్ని పైకి తోసింది. మళ్లీ జారింది. ఎన్నాళ్లకో ఆమె పకపకా నవ్వింది.