ఎముకల్లేని మాంసం

చలికాలంలో మొసలికి తిండి పెట్టకూడదు. కొత్తగా చేరిన వాళ్లకీ, గోడ మీంచి బిస్కెట్లు విసిరే మహానుభావులకీ పదహారేళ్లుగా ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. మొసలి ఒంట్లో సొంత వేడి ఉండదు. ఎండ కాచుకుంటేనే దాని పొట్ట పనిచేస్తుంది. చలిలో తిన్నది అరగదు, లోపలే కుళ్లుతుంది. అందుకే చలి మొదలవగానే మాంసం గదికి తాళం వేసి చెవి నా దగ్గరే పెట్టుకుంటాను. మొసలి నెలల తరబడి పస్తుండగలదు. ఉండలేనిది మా ఆయన.

నేను మొసళ్లను చూసుకునే పార్కులోనే ఆయనది మైకు పని, జనానికి ఆట చూపించడం. ఆయన మెత్తటి మాంసం ముక్కను దారంతో చుట్టి, కర్రకు తగిలించి నీళ్ల పైన ఆడిస్తే మా ఆడమొసలి ఎగిరి అందుకుంటుంది. జనం చప్పట్లు కొడతారు. దానికి పెద్దావిడ అని పేరు పెట్టింది కూడా ఆయనే. చలి మూడు నెలలూ ఆట ఉండదు కాబట్టి టిక్కెట్ల గదిలో కూర్చుని ఈగలు తోలుకుంటాడు. ఈసారి మేనేజరు, "ఆట లేనప్పుడు మైకు మనిషి ఎందుకు?" అని సణగడం మొదలుపెట్టాడు.

వారానికొక రోజు దొరికే సెలవు తీసుకుని, మర్నాడు వెళ్లేసరికి పెద్దావిడ నీళ్లలో ఒక పక్కకి ఒరిగి తేలుతోంది. పొట్ట డోలులా ఉంది. డాక్టరు తట్టి చూసి, "దీనికి ఎవరో తిండి పెట్టారు. లోపల గ్యాసు పట్టింది," అన్నాడు.

మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. "తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది?"

"నా దగ్గరే సార్."

"మరి?"

అప్పుడు మా ఆయన తలుపు దగ్గర నుంచి మెల్లగా అందుకున్నాడు. "మా ఆవిడని ఏమీ అనకండి సార్. ఈ మధ్య తనకి మతిమరుపు. మొన్న పాలు పొయ్యి మీద పెట్టి బజారుకు వెళ్లిపోయింది. కళ్లజోడు పెట్టుకునే కళ్లజోడు కోసం ఇల్లంతా వెతికింది."

మా అమ్మ చివరి రోజుల్లో నన్నే గుర్తుపట్టలేదు. నాకూ అదే రాసిపెట్టి ఉందేమోనని భయం. ఆ భయం ఈ భూమ్మీద ఒక్క మనిషికే చెప్పుకున్నాను. ఆ మనిషి దాన్ని తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టాడు. అయినా నాకు అప్పుడు కోపం రాలేదు. నమ్మాను. నేనే పెట్టి మరిచిపోయానేమో అనుకున్నాను.

మూడు రోజులు నా బుర్రను నేనే తవ్వుకున్నాను. పెద్దావిడ గదిలో వేడి దీపాలు పెట్టాం. డాక్టరు రోజూ ముందుకాలికే సూది వేసేవాడు. వెనకకాలికి వేస్తే మందు ఒంటికి పట్టకముందే కిడ్నీల్లోకి పోతుంది. దాని వీపు మీద చెయ్యి పెట్టి, "నేనేనటే ఈ పని చేసింది?" అని అడిగేదాన్ని. ఇంటికి వస్తే మా ఆయన టీ కలిపిచ్చి, "ఏం కాదులే, నేనున్నాగా," అనేవాడు.

నాలుగో రోజు డాక్టరు మత్తిచ్చి, పళ్ల మధ్య గొట్టం పెట్టి, పొడవాటి పటకారు లోపలికి దింపాడు. కుళ్లిన ముక్కలు మూడు వచ్చాయి. ఒక్కదానికీ ఎముక లేదు. నేను ఎముక లేని మాంసం జన్మలో వేయను. ఎప్పుడూ అదే తింటే మొసలి ఎముకలు గుల్లబారతాయి, అందుకని కోడైనా చేపైనా ముళ్లూ ఎముకలతో సహా వేస్తాను. ముక్కల చుట్టూ దారం ఉంది. ఆ ముడి మా ఇంటి బట్టల తాడుకు మా ఆయన వేసేదే, రోజూ చూస్తున్నదే.

నా మతి బాగానే ఉంది. సిగ్గులేకుండా ఒక్క క్షణం సంతోషించాను.

డాక్టరు తల పట్టుకున్నాడు. "ఎముకలుంటే ఎక్స్‌రేలో కనపడేవి. ఈ మెత్తటి ముక్కలు కనపడవు. మూడే అయితే ఇక్కడితో ఆపేస్తాను. ఇంకా ఉంటే ప్రమాదమైనా మత్తు పెంచి తీయాల్సిందే. ఎన్ని తిందో తెలిస్తే బాగుండు."

టిక్కెట్ల గదికి పరుగెత్తాను. "ఎన్ని ముక్కలు వేశారు?"

"ఏం ముక్కలు?"

"ముడి చూశాను. నింద నేనే మోస్తాను. నాకు మతి లేదని సంతకం పెట్టి ఇస్తాను. ఎన్నో అదొక్కటి చెప్పండి చాలు, అది బతుకుతుంది."

ఆయన పక్కనున్న గుమాస్తా వైపు చూశాడు. "చూశావుగా, ఇదీ వరస," అని అతనితో అని, నా భుజం నిమిరి, "ఇంటికెళ్లి పడుకోవే," అన్నాడు.

గుమాస్తా నన్ను జాలిగా చూశాడు. ఆ జాలి కన్నా చెంపదెబ్బ నయం. డాక్టరుతో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన మా ఆయనకి ఫోన్ చేశాడు, అవతలి మాట విని పెట్టేశాడు. డాక్టరూ నన్ను అలాగే జాలిగా చూశాడు. "మూడేనేమోలే," అని గొట్టం తీసేశాడు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దావిడ కదలడం మానేసింది. మొసలి పోయిందని తేల్చడం తేలిక కాదు, గుండె నిమిషానికి రెండు మూడు సార్లే కొట్టుకుంటూ కూడా ఉంటుంది. సాయంత్రం దాకా మిషన్ పెట్టి విన్నాం. తర్వాత కోశారు. పొట్టలో అది ఎప్పుడో మింగిన గులకరాళ్లూ, వాటి మధ్య దారం చుట్టిన ముక్కలు ఇంకో నాలుగూ ఉన్నాయి. డాక్టరు నా మొహం చూడలేకపోయాడు.

ఇంటికి వెళ్లి ఆ సంగతి చెప్పాను. "నీ సెలవు రోజు మేనేజరూ గుమాస్తా లేనప్పుడు బస్సు నిండా పిల్లలొచ్చారు. ఇంటికొచ్చి నీ సంచిలోంచి తాళంచెవి తీసుకెళ్లాను. టిక్కెట్ల డబ్బు చూపిస్తే మేనేజరు నోరు మూస్తాడనుకున్నాను," అన్నాడు మా ఆయన. "పొద్దున మూడు, మధ్యాహ్నం నాలుగు. మొత్తం ఏడు."

"బాగా గుర్తుంది మీకు," అన్నాను.