ఫింటన్‌ను వెలివేసిన గురువారం

బాలినక్రీ సేవాసంఘంలో ఫింటన్ టార్పీ అంటే అందరికీ గౌరవమే, అంతకంటే ఎక్కువ విసుగు. సంఘం పెట్టిన ఆరుగురిలో ఇప్పుడు మిగిలింది అతనూ, మలాకీ డర్కనూ. వెనకటికి సముద్రపు గాలివానకి ఒక జాలరి వితంతువు ఇంటి కప్పు ఎగిరిపోయింది. కౌన్సిల్ వాళ్లు వచ్చేలోగా ఆ ఆరుగురూ పైకెక్కి రేకులు కొట్టారు. దిగాక, ఎలాగూ కలిశాం కదా, ఇక విడిపోవడం ఎందుకనుకున్నారు. అప్పట్నుంచీ ముసలివాళ్లకి చలికాలం కాచుకోవడానికి బొగ్గు ఇవ్వాలన్నా, క్రిస్మస్‌కి లేనివాళ్ల ఇళ్లకి టర్కీకోడి చేరాలన్నా, నడవలేనివాళ్లకి చక్రాల కుర్చీ ఇప్పించాలన్నా ఆ ఊళ్లో సంఘమే దిక్కు.

అయితే మొదటి అధ్యక్షుడే సంఘం సిమెంటుతో తన పెరడంతా గచ్చు చేయించుకున్నాడు. కంచే చేను మేస్తే ఇంకేముంది! ఊళ్లో తలెత్తుకోలేక సంఘం మూతపడే దాకా వచ్చింది. అప్పుడు ఫింటన్ పట్టుబట్టి ఆ అధ్యక్షుణ్ణి వెలివేయించాడు. వెలివేసినవాడికి మళ్లీ ప్రవేశం లేదన్నాడు. సంఘం సాయం సభ్యుడి గడప తొక్కకూడదన్నాడు. సాయం కోసం రాజీనామా ఇచ్చే గడుసువాళ్లు ఉంటారని, అలాంటివాడు ఏడాది ఆగాలన్నాడు. ఆ నియమాల వల్లే ఊరు మళ్లీ నమ్మింది, కాదనలేం. కానీ మలాకీ ఇంట్లోకి ఏరు పొంగి మోకాటిలోతు నీళ్లు వచ్చినప్పుడు కూడా మనవాడు వాటిని సడలించలేదు. మలాకీ, అతని పెళ్లాం బకెట్లతో తోడుకున్నారు. ఆ తర్వాత రెండేళ్లపాటు మలాకీ అతనితో మాట్లాడలేదు.

ఇప్పుడు ఫింటన్ వంతు వచ్చింది. భార్య అట్రాక్టాకి పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆసుపత్రి వాళ్లు ఇంటికి పంపుతామన్నారు గానీ, ఇంటి ముందు నిటారుగా రాతిమెట్లు ఉన్నాయి. చక్రాల కుర్చీ ఎక్కే వాలుదారి సోమవారానికల్లా ఉండాలి, లేకపోతే జిల్లా అవతల ఉన్న వృద్ధాశ్రమంలో మంచం ఖాళీ అయింది, అక్కడికి పంపుతామన్నారు. మేస్త్రీలందరూ వసంతం దాకా ఖాళీ లేదన్నారు. కౌన్సిల్ సంగతి సరేసరి.

"అక్కడికి వెళితే నేను మళ్లీ బయటికి రాను, ఫింటన్," అంది అట్రాక్టా, ముద్దముద్దగా. "నన్ను ఇంటికి తీసుకెళ్లు."

జీవితమంతా వడ్రంగం చేసినవాడు. ఇప్పుడు కీళ్లవాతంతో వేళ్లు కొంకర్లు పోయి మేకు కూడా నిలబెట్టలేడు. అయినా మొండివాడు రాజుకంటే బలవంతుడు కదా, తనే చెక్కలు తెచ్చుకుని మొదలుపెట్టాడు. సంఘంలో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. ఎలా చెబుతాడు, ఏ మొహం పెట్టుకుని?

గురువారం సమావేశానికి ఎప్పటిలాగే అందరికంటే ముందు వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. అధ్యక్షురాలు గ్రాన్యా, ఊళ్లో మందుల షాపు ఆవిడదే, గొంతు సవరించుకుంది.

"ఈరోజు ఒకటే విషయం. ఫింటన్ టార్పీ గారిని సంఘం నుంచి వెలివేయాలని మలాకీ గారు ప్రతిపాదించారు."

ఫింటన్‌కి చెవులు గింగురుమన్నాయి. "ఏం నేరం చేశానట?"

మలాకీ లేచాడు. "సంఘం పరువు తీశాడు. వీడింటి ముందు వీడు కట్టిన వాలుదారి నేను చూశాను. మేక కూడా దాని మీద ఎక్కి బతకదు. మన సంఘం వ్యవస్థాపకుడు కట్టాడని తెలిస్తే ఊరంతా నవ్వదూ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఫింటన్‌కి అంతా అర్థమైంది. రాజీనామా చేసినవాడు ఏడాది ఆగాలి. వెలివేసినవాడు సాయానికి ఎన్నాళ్లు ఆగాలో ఏ నియమంలోనూ లేదు. వెలివేసినవాడికి సాయం చేసే వెర్రివాళ్లు ఉంటారని ఆ నియమాలు పెట్టినప్పుడు అతనికి తట్టనే లేదు.

"ఇది మోసం," అన్నాడు. "నియమాన్ని పక్కదారి పట్టిస్తున్నారు."

"నియమం ఎక్కడున్నది అక్కడే ఉందిరా. నిన్ను పక్కకి నెడుతున్నాం, అంతే!" అని నవ్వాడు మలాకీ.

"మళ్లీ లోపలికి రానివ్వరని తెలుసుగా?"

"తెలుసు," అన్నాడు మలాకీ. ఈసారి అతను నవ్వలేదు.

వెలివేతకు అందరూ ఒప్పుకోవాలి, నేరం మీదపడ్డవాడితో సహా. సిమెంటు గొడవ తర్వాత పెట్టుకున్న పద్ధతి అది. ప్రతివాళ్లకీ ఒక తెల్ల చిక్కుడుగింజ, ఒక ఎర్ర చిక్కుడుగింజ ఇస్తారు. బిస్కెట్ల డబ్బా మూత సందులోంచి ఏదో ఒకటి వెయ్యాలి. ఒక్క ఎర్రగింజ పడినా మనిషి ఉండిపోతాడు. డబ్బా చివరికి ఫింటన్ ఒళ్లోకి వచ్చింది.

అతని గుండెలో కోపం, అవమానం కలగాపులగంగా ఉన్నాయి. పిల్లలు లేని ఇల్లు. పని మానేశాక అతనికంటూ ఉన్నది ఈ గురువారమే. ఇది పోతే వారంలో అన్ని రోజులూ ఒకలాంటివే. ఎర్రగింజ వేస్తే ఎవరూ తప్పుపట్టరు కూడా. కానీ తెల్లారితే అట్రాక్టా దగ్గరికి వెళ్లాలి, ఆవిడ కళ్లలోకి చూడాలి. కొంకర్లు పోయిన వేళ్లతో చాలాసేపు తడుముకుని, తెల్లగింజ వేశాడు.

గ్రాన్యా డబ్బా వంచింది. అన్నీ తెల్లవే. ఫింటన్ కోటు తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా మెట్లు దిగి ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడే సంఘంవాళ్లు చెక్కలతో, రంపాలతో అతని ఇంటి ముందు దిగారు. అతను కట్టింది మలాకీ రెండు తాపుల్లో పీకేశాడు. ఫింటన్ ఊరుకోలేక "ఆ దూలం కింద ఇంకొకటి వెయ్యండి," అనబోతే, "సభ్యులు కానివాళ్లు పనిలో తలదూర్చకూడదు," అని లోపలికి తోలాడు. ఏం చేస్తాడు పాపం, టీ పెట్టాడు. పళ్లెంలో కప్పులు పేర్చి, సోడా బ్రెడ్డు కోసి, వెన్న రాసి బయటికి తెచ్చాడు. ఎవరూ ముట్టుకోలేదు.

"పని చేసే ఇంట మంచినీళ్లు కూడా పుచ్చుకోకూడదు కదండీ," అంది గ్రాన్యా, ఇబ్బందిగా.

లేనివాళ్లకి ఖర్చు పెట్టించకూడదని అది కూడా ఒకప్పుడు అతను పెట్టించిందే. ఫింటన్ పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇన్నేళ్లూ ఎన్ని గుమ్మాల్లో ఎంతమంది తన ముందు ఇలా కప్పు పట్టుకుని నిలబడ్డారో! నిజాయితీ అనుకుని, మొహం తిప్పుకుని వచ్చేశాడు. తీసుకునేవాడికి తిరిగి ఇవ్వడానికి ఇంత టీ కూడా మిగలనివ్వకపోతే ఎంత చిన్నబోతాడో అతనికి ఆ పూట తెలిసింది. పళ్లెం కిటికీ గట్టు మీద పెట్టి లోపలికి వెళ్లాడు.

సోమవారం మలాకీ కమ్మీ బిగిస్తూండగా అంబులెన్సు వచ్చింది. ఇద్దరు నర్సులు అట్రాక్టాను కుర్చీతో సహా పైకి నెట్టారు. చక్రాలు ఎక్కడా తట్టుకోలేదు. గుమ్మం దగ్గర ఆవిడ ఆపమంది. కిటికీ గట్టు మీద ఫింటన్ ఆ రోజు కూడా పెట్టిన టీ చల్లారుతోంది.

"ఏం, వీళ్లకి నోళ్లు పడిపోయాయా? పక్షవాతం నాకు గదా వచ్చింది!" అంది. బాగున్న కుడిచేత్తో కప్పు అందుకుని మలాకీ ముందుకు చాచింది.

మలాకీ స్పానర్ కింద పెట్టాడు. అలవాటు కొద్దీ ఫింటన్ వైపు చూశాడు.

"నన్ను చూస్తావేం? నేను మీ సంఘంవాణ్ణి కాదు," అన్నాడు ఫింటన్. "తాగరా, నీకు పుణ్యముంటుంది. తాగు."