ఆరు మీద బొట్టు

మా అమ్మాయి తన తల్లి రాతను ఫోనుతో చదివించి ఒక మోటారు కాల్చింది. జరిగింది ఇదే. ఇందులో వాదనకేమీ లేదు.

నాది మోటారు వైండింగ్ పని. కాలిన మోటారు లోపలి గాడుల్లోంచి పాత తీగ పీకేసి కొత్త రాగి తీగ చుడతాను. చదివింది ఊరి బడిలో ఐదు వరకే. నా రాత కోడి గీకినట్టుంటుంది. అందుకని ఏ మోటారుకు ఎన్ని చుట్లో మా ఆవిడ రాసిపెట్టేది. ముప్ఫై ఏళ్ళలో నాలుగు లావుపాటి పుస్తకాలు నిండాయి. ఆవిడ పోయి రెండేళ్ళయింది. పుస్తకాలున్నాయి. వాటిని చదివే చూపు నాకు లేదు.

అమ్మాయి ఆఫీసు ఉద్యోగం మానేసి దుకాణంలోకి వచ్చింది. నేను రమ్మనలేదు. వచ్చిన నెలలోనే పుస్తకాలన్నీ పేజీ పేజీ ఫోటో తీసింది. చేతిరాత చదివే తెలివి ఇప్పుడు ఫోన్లకు వచ్చిందట. మోటారు నంబరు చెబితే చుట్ల లెక్క పైకి చదువుతుంది.

"చూశావా నాన్నా, అమ్మ పుస్తకం మాట్లాడుతోంది!"

"మీ అమ్మ మాట్లాడింది చాల్లే. ఇంక పుస్తకం కూడానా?"

నవ్వింది. దానికి తల్లి నవ్వే వచ్చింది. నన్ను లెక్కచేయని నవ్వు.

ఈ వేసవిలో ఎండలు ఎన్నడూ లేనంత కాశాయి. పేపర్లో రోజూ అదే వార్త, కాకపోతే రాగి ధర. ఆ ఎండల్లో ఒక ఉదయం ఎనిమిదింటికి విత్తనాలమ్మ ఒళ్ళో మోటారు పెట్టుకుని కారులో వచ్చింది. ఆవిడ పరిశోధకురాలు. రైతులు వేయడం మానేసిన పాత రకాల విత్తనాలను చల్లగదిలో దాచిపెడుతుంది. ఆ గదిలో చల్లగాలి తిప్పే ఫ్యాను మోటారు తెల్లవారేసరికి కాలిపోయి ఉంది.

"కొత్తది దొరకదా అమ్మా?"

"ఓడలు చుట్టూ తిరిగి వస్తున్నాయి మేస్త్రీ గారూ. ఎక్కడో ఎవరో కొట్టుకుంటుంటే నా మోటారు మూడు వారాలు సముద్రంలో ఉంటుందిట. గది నాలుగు డిగ్రీల్లో ఉండాలి. నేను బయల్దేరేటప్పటికే తొమ్మిదికి చేరింది. పదిహేను దాటితే తేమ పడుతుంది. తేమ తగిలిందంటే విత్తనం నిద్రలేస్తుంది. ఒకసారి లేచిందా, జోకొట్టినా మళ్ళీ పడుకోదు."

"ఎన్ని రకాలున్నాయి?"

"పదకొండు వందలు. కొన్ని ఇంకెక్కడా లేవు."

విప్పి చూశాను. లోపలి తీగంతా కరిగి ముద్దైంది. పాత చుట్లు లెక్కపెట్టే వీల్లేదు. అయితే ఇదే మోటారును ఆరేళ్ళ కిందట నేనే చుట్టాను. లెక్క పుస్తకంలో ఉండాలి. అమ్మాయి ఫోనును అడిగింది. గాడికి అరవై ఆరు చుట్లు అంది ఫోను.

చుట్టడం మొదలుపెట్టాను. మూడో గాడి దగ్గరే వేళ్ళకు తెలిసింది. నిండాల్సిన గాడి నిండలేదు. తీగ లోపల కదులుతోంది. పుస్తకం తీసి ఒకసారి కళ్ళతో చూడవే అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఫోను తప్పని బల్ల మీదే తేలాలి, అమ్మాయి చూడాలి అనుకున్నాను. పొగ వచ్చినా ఇక్కడే వస్తుంది, పోయేది తీగే కదా అనుకున్నాను. పోయే మూడు గంటలు నాకు తట్టలేదు.

పదకొండింటికి బల్ల మీద పెట్టి కరెంటు ఇచ్చాం. మోటారు ఎద్దులా రంకె వేసింది. కాసేపటికే పొగ. అమ్మాయి స్విచ్చి మీద పడి ఆపింది. దాని మొహంలో రక్తం లేదు. నేను అనుకున్నదే జరిగింది. నాకేమీ బాగనిపించలేదు.

విత్తనాలమ్మకు అమ్మాయే ఫోన్ చేసింది. "గది పన్నెండు డిగ్రీలకు వచ్చింది," అందావిడ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

అప్పుడు అమ్మాయి అటక మీంచి పుస్తకం దింపి, దుమ్ము దులిపి, పేజీ మీదకు వంగింది.

"అరవై ఆరే ఉంది నాన్నా. కాకపోతే మొదటి ఆరు మీద సిరా చుక్క పడింది."

"సిరా కాదు. బొట్టు."

"ఏం బొట్టు?"

"మీ అమ్మ ఏడు."

చెప్పక తప్పలేదు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ నా పక్కన కూర్చుని చుట్లు పైకి లెక్కపెట్టేది. ఒకరోజు పని చెడి చిరాకులో ఉన్నాను. ఆవిడ "ఏడు" అంది. "ఏడు, ఏడు! నా నెత్తిన కూర్చుని ఏడు!" అని అరిచాను. ఆవిడ ఏడవలేదు. పకపకా నవ్వింది. ఆ రోజు నుంచి ఏడు అనడం మానేసింది. ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. రాతలోనూ అంతే. ఆరు రాసి దాని మీద బొట్టు పెట్టేది. నన్ను ఆటపట్టించడానికి మొదలుపెట్టింది. ఆ ఆట ముప్ఫై ఏళ్ళు ఆడింది.

అమ్మాయి నోరు తెరుచుకుని విని, "అంటే డెబ్బై ఆరా!" అంది. తర్వాత, "అమ్మకి ఏడ్చే దారి కూడా మూసేశావన్నమాట. ఘనుడివి నాన్నా," అంది.

"ముందు తీగ అందుకో."

కాలిన తీగ పీకి మళ్ళీ మొదలుపెట్టాం. తీగ చుట్టే చక్రం పిడి ఈసారి అమ్మాయి పట్టుకుంది. నేను గాడుల్లోకి సర్దాను. అది పైకి లెక్కపెట్టింది. ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. నేను నేర్పలేదు, అడగలేదు. గొంతు కూడా అదే. తీగ సర్దుతున్న నెపం మీద తల ఎత్తకుండా కూర్చున్నాను. ఒక గాడిలో తీగ రెండుసార్లు జారింది.

"కళ్ళజోడు ఇవ్వనా?"

"నీ పని నువ్వు చూడు."

డెబ్బై ఆరుకు ప్రతి గాడీ పెట్టెలో బట్టలు సర్దినట్టు నిండింది. కరెంటు ఇస్తే తుమ్మెద మోత. వార్నిష్ పోసి, పొయ్యిలో ఆరబెట్టి, చల్లారీ చల్లారకముందే బట్టలో చుట్టుకుని పరుగెత్తాం. ఫ్యాను తిరిగేటప్పటికి గది పద్నాలుగు దగ్గరుంది. విత్తనాలమ్మ గోడ మీటరు ముందు నిలబడి పదమూడు వచ్చేదాకా కదల్లేదు. వచ్చాక నా రెండు చేతులూ పట్టుకుంది. వార్నిష్ అంటుతుందమ్మా అన్నా వదల్లేదు.

బయటికి వచ్చాం. మెట్లు దిగేటప్పుడు అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ఒకటడుగుతాను. పది చుట్లు తక్కువైతే గాడి అంత వదులుగా ఉంటుందే. పొద్దున నీ వేళ్ళకి తెలియలేదా?"

"మెట్టు చూసుకో."

అది నా మొహంలోకి చూసింది. మోచెయ్యి మాత్రం వదల్లేదు. ఆ తర్వాత రెండుసార్లు అడగబోయింది. రెండుసార్లూ నేను లేచి వీధిలోకి వెళ్ళాను. తప్పు చదివింది ఫోను. ఫోనును నమ్మింది అమ్మాయి. నేను చెప్పేది ఇంతే. ఈ సంగతి మళ్ళీ నా నోట రాదు.