బొట్టు పెట్టిన హైచైరు

ఇందులో ఒక్క మాట అబద్ధమున్నా, నా నోట్లో మిగిలిన రెండు పళ్లూ ఈ పూట సంగటిముద్దలోనే ఊడిపోనీ.

కోయిలకుంట్లలో లక్ష్మీదేవమ్మ మనవరాలు సాహితికి పళ్లు వచ్చే వయసు. పొద్దున పప్పుసంగటి, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం అరటిపండు, అన్నీ హైచైరులోనే. తినేది చిటికెడు, పూసేది బండెడు. ట్రే కింద, బెల్టు సందుల్లో, కుర్చీ కాళ్ల మడతల్లో ఇరుక్కున్న మెతుకులతో కర్నూలులో సగం మందికి భోజనం పెట్టొచ్చు. తల్లి మధులత ప్రతి పూటా ట్రే ఊడదీసి, వేన్నీళ్లలో గుడ్డ ముంచి తుడిచి, చీపురుపుల్లతో సందులన్నీ గీకేది.

కుర్చీ మచ్చ లేకుండా మెరిసిందా, వాళ్ల చేనిమీద వాన పడేది. వాళ్ల చేనిమీదే, గట్టు నుంచి గట్టు వరకు. వాన అక్కర్లేని రోజుల్లో మధులత బెల్టు సందులో ఒక మెతుకు వదిలేసేది. కాలి మడతలో మిగిలితే మాత్రం, చేనిలో ఆ మూలొక్కటే తడిసేది కాదు. ఊళ్లో ఎవరూ దీన్ని గురించి మాట్లాడుకోరు. కూలికి పోయే ఈరక్క మాత్రం వాకిట్లో నిలబడి, "మధూ, కుర్చీ ఇప్పుడు తుడుస్తావా, మాపటికి తుడుస్తావా?" అని కనుక్కుని పోయేది.

ఈ దసరాకు ఆయుధపూజనాడు లక్ష్మీదేవమ్మ ట్రాక్టరుకు, విత్తనమేసే గొర్రుకు, మిక్సీకి, కొడుకు బండికి పసుపుకుంకుమలు పెట్టింది. చేతిలో కుంకుమ మిగిలిందని హైచైరు ట్రేకు కూడా ఇంత బొట్టు పెట్టేసింది.

"అత్తా, సంగటి ఎండి రాయైపోతాంది. ఒక్క తూరి తుడుస్తా."

"పూజ చేసినదానికి తడిగుడ్డ తగిలిస్తావా? బొట్టు దానంతటదే పోయేదాకా కడగాకు మే."

"ట్రాక్టరుకు పోయినేడు పెట్టింది ఇంకా ఉండాది."

"నేను కొనే కుంకుమ అట్లాంటిది."

లక్ష్మీదేవమ్మ కొడుకు ఓబుళేశు, పిల్ల తండ్రి, ఇద్దరి మధ్యా నలిగిపోయాడు. నల్లరేగడిలో శనగ విత్తాలంటే వాన పదును కావాలి. విత్తనం మూటలు వసారాలో చుట్టాల్లాగా కూర్చున్నాయి. ఆకాశం చూస్తే తోమిన తపేలా. అదను దాటిందంటే చేను కౌలుకిచ్చి, తుమ్మలపల్లె గనిలో పనికి పోవడమే. అక్కడ పేరు కూడా ఇచ్చి వచ్చాడు.

"భూమి లోపలికి పోయి పనిచేస్తాడంట, వినపడుతాందా అత్తా?"

"నాకు చెవులుండాయిలే."

సోమవారం పొద్దున ఓబుళేశు బ్యాగు భుజానేసుకున్నాడు. "మీరిద్దరూ తేల్చుకోండి. నేను బస్సుకు పోతాండా." లక్ష్మీదేవమ్మ గోడవైపు తిరిగింది. తుడువు పో అనే మాట నాలుక కొసదాకా వచ్చి, అక్కడే కాసేపు కూర్చుని, వెనక్కి పోయింది.

అతను వీధి మలుపు తిరిగాడో లేదో, చిగుళ్లు దురదపెట్టి సాహితి ట్రేమీదికి వంగి, సరిగ్గా బొట్టు దగ్గరే కొరకడం మొదలుపెట్టింది. కుందూ ఏటికి వరదొచ్చినట్టు చొల్లు కారింది. పిల్ల తలెత్తేసరికి మూతి ఎర్రగా ఉంది, ట్రే తెల్లగా ఉంది.

అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు.

"నువ్వేమీ చెయ్యలేదు కదా?" అంది లక్ష్మీదేవమ్మ.

"నేను పొయ్యికాడ ఉండా."

"అయితే దానంతటదే పోయినట్టు. నా మొగం చూస్తావేం మే, గుడ్డ తే."

ఒకరు గీకారు, ఒకరు తుడిచారు. బెల్టు విప్పి నానబెట్టారు. రాలిన ఎండు సంగటితో ఒక అరుగు కట్టొచ్చు, నేను కళ్లారా చూశాను.

ఓబుళేశు ఎక్కిన జమ్మలమడుగు బస్సు వాళ్ల చేను పక్కగానే పోతుంది. ఊరంతా ఎండ, ఓబుళేశు చేనిమీద మాత్రం ధారగా వాన. కండక్టరు అటు చూసి, అడక్కుండానే బస్సాపాడు. ఓబుళేశు గట్టుమీద నిలబడి పిడికెడు మట్టి పిసికి చూశాడు. ముద్ద కట్టింది. ఇంటికి ఫోన్ చేసి, "అమ్మా, ఎవరినన్నా పిలిచి ట్రాక్టరుకు గొర్రు తగిలించమను," అన్నాడు. గనిలో ఆ పని ఇంకెవరికో పోయింది.

ఒక్కటే లోటు. చేనికి తూర్పు మూల తడవలేదు. అంటే కుర్చీ ఎడమ వెనకకాలి మడతలో ఇంకా ఏదో ఉండాది. ఆ మూల నా చేనిగట్టును ఆనుకునే ఉంటుంది. తుంపర ఇటు పడితే నేను వద్దంటానా?

నువ్వెట్లాగూ ఊరికే కూర్చున్నావు. ఇదిగో, మా ఆయన పాత పళ్ల బ్రష్షు, కుచ్చు గట్టిది. పోయి మధులత చేతికిచ్చి, ఎడమ వెనకకాలు అని చెప్పు. నా పేరు మాత్రం చెప్పాకు.