చీపురు తీగ, దొరగారి గుర్రం

చీపురుకట్టను బిగించి ఉంచే ఇనుపతీగ స్థానభ్రంశం చెందిన పిమ్మట ఏ సంసారమూ నిలవదు. సామ్రాజ్యాల సంగతి సరేసరి. ఈ సత్యాన్ని మిసిసిపీ పత్తిచేల నడుమ, మా నల్లకూలీల గుడిసెల వరుసలో, ఒక శనివారం మధ్యాహ్నం టెంపీ అత్త తన అల్లుడికి ఉద్ఘోషిస్తున్నది.

"బంగారం లాంటి చీపురు విప్పి దాని తీగ గోడకి కొట్టుకున్నావు. ఇంక ఇల్లు పాటతో ఊడుస్తావా నాయనా?"

"ఊడిస్తే దుమ్ము కూడా ఏడుస్తుంది అత్తా," అన్నాడు ఓజెల్.

ఆ తీగను అతడు రెండు మేకుల మధ్య గోడకు బిగించి, కింద నశ్యం సీసా ఇరికించి, కత్తి వీపుతో రాస్తూ మీటాడు. ఇల్లంతా మూలిగింది.

"దొర గుర్రానికి మొక్కజొన్న, నా కడుపుకి గాలి, ప్రభూ..."

మా ఆచారం ప్రకారం మొదటి పాదం రెండుసార్లు పాడాలి; మూడోది దానికి జవాబు. ఆ జవాబు మాకందరికీ కంఠస్థమే: అదే గుర్రమెక్కి ఒకనాడు పారిపోతానని.

సరిగ్గా అప్పుడే మా పనిమీద అజమాయిషీ చేసే ఓవర్సీర్ ట్రెడ్వే దొర వచ్చి, మా ఎదుటి నీళ్ళతొట్టి దగ్గర గుర్రాన్ని నిలిపాడు. తీగ మూగబోయింది. కిందటేడు ఇటువంటి జవాబే పాడిన ఎజ్రా ఇప్పటికీ సర్కారు ఖైదీల పొలంలో సంకెళ్ళతో గడ్డి కొడుతున్నాడు.

దొర నోరు విప్పలేదు. బుగ్గ ఉబ్బించి, కొరడాను గాలిలో గుండ్రంగా తిప్పాడు. పాడమని అర్థం.

ఓజెల్ రెండోసారి పాడాడు. జవాబు రావలసిన చోట మళ్ళీ మొదటి పాదమే పాడాడు. నాలుగోసారీ అదే. ఐదోసారీ అదే. గొంతు ఆగితే చాలు, గుర్రం తొట్టిలోంచి తల ఎత్తేది. దొర కొరడా ఎత్తేవాడు.

"జవాబు మార్చవయ్యా," అంది భార్య వర్డీ, పెదవి కదలకుండా.

"వెతుకుతున్నానే!"

"తొందరగా వెతుకు. విధవలు కట్టే నల్లబట్టలు నాకు నప్పవు."

అనంతర కాలంలో పట్నపు పండితులు ఈ పాటలకు బ్లూస్ అని నామకరణం చేసి, పాదం పునరావృతం కావడం మా దుఃఖపు లోతుకు చిహ్నమని నిర్ణయించారు. దుఃఖం లేదని నేననను. ఆనాడు నేను చూసింది మాత్రం మూడో పాదం దొరకని మనిషి చెమట.

ఏడోసారి ముగిశాక ఓజెల్ కళ్ళు మూసుకుని తెగించాడు.

"తిననీ పాపం, అది దొరని మొయ్యాలి, నాకా బరువు లేదు ప్రభూ!"

టెంపీ అత్త విడిపోయిన చీపురు పుల్లలను గుండెకు హత్తుకున్నది. ట్రెడ్వే దొర మెల్లగా పక్కకు వంగి, నోట్లోని పొగాకు ముద్దను తుపుక్కున ఉమ్మాడు.

"ఇంక ఆపరా, దీని కడుపు నిండింది," అన్నాడు. "ఎవరైనా ఈలో పాటో అందుకుంటేగాని నీళ్ళు తాగదు. నాకేమో ఇందాకటిదాకా నోటినిండా పొగాకు."